చిన్న హారర్ సినిమా, పెద్ద వసూళ్లు: ఆ డబ్బు చివరికి ఎవరికి చేరుతుంది?

క్లుప్తంగా: స్టార్లు లేకపోయినా ప్రేక్షకుణ్ని థియేటర్ దాకా రప్పించగలదన్న నమ్మకంతోనే కొత్త దర్శకులు, చిన్న నిర్మాతలు హారర్‌ను ఎంచుకుంటారు. ఆ నమ్మకానికి ఆధారం ఉంది. అయితే వార్తల్లో కనిపించే వసూళ్లకూ, సినిమా తీసినవాళ్ల చేతికి వచ్చే డబ్బుకూ మధ్య చాలా దూరం ఉంటుంది. పెట్టుబడి ఏ షరతుల మీద వచ్చింది, ప్రచారం ఖర్చు ఎవరు పెట్టారు, హక్కులు ఎవరి పేరున ఉన్నాయి అన్నవే ఆ దూరాన్ని తేలుస్తాయి.

"15 వేల డాలర్లతో తీస్తే 19 కోట్ల డాలర్లు వచ్చాయి." 'పారానార్మల్ యాక్టివిటీ' గురించి ఈ మాట 2009 నుంచి తిరుగుతూనే ఉంది. తక్కువ ఖర్చుతో సినిమా తీయాలనుకునే ప్రతి బృందమూ పెట్టుబడిదారుడికి ముందుగా చూపించే లెక్క ఇదే. లెక్క తప్పు కాదు, కానీ సగమే. దర్శకుడు ఒరెన్ పెలి తన సొంత ఇంట్లో, సుమారు వారం రోజుల్లో చేసిన షూటింగ్‌కు అయిన ఖర్చు ఆ 15 వేలు. 2007లో స్క్రీమ్‌ఫెస్ట్ అనే హారర్ ఫెస్టివల్‌లో సినిమాను మొదటిసారి వేశారు. మామూలు ప్రేక్షకుడు టికెట్ కొని చూసింది 2009 సెప్టెంబరు చివర్లో. మధ్యలో గడిచిన రెండేళ్లలో ముగింపు మారింది, ఒక పెద్ద స్టూడియో చేతికి సినిమా వెళ్లింది, ప్రచారానికి ఆ స్టూడియో తన డబ్బు పెట్టింది. ఆ ఖర్చేదీ 15 వేలలో లేదు. 19 కోట్లు కూడా పెలి బ్యాంకు ఖాతాలో పడిన మొత్తం కాదు, ప్రపంచమంతటా తెగిన టికెట్ల మొత్తం విలువ.

స్వతంత్ర హారర్ సినిమా ఆర్థిక వ్యవహారం అర్థం కావాలంటే ఈ రెండు అంకెల మధ్య ఏం జరుగుతుందో చూడాలి.

హారర్‌కే ఎందుకీ వెసులుబాటు

మామూలు చిన్న సినిమాకు మొదటి అడ్డంకి తెలిసిన ముఖం లేకపోవడం. ప్రేమకథో కుటుంబ కథో అయితే "ఎవరు నటించారు?" అని అడుగుతారు. హారర్ దగ్గర "భయపెడుతుందా?" అన్నదే ముందు వచ్చే ప్రశ్న. స్టార్ చేయాల్సిన పని ఇక్కడ భయం చేస్తుంది. పారితోషికాలు తగ్గిపోతే బడ్జెట్‌లో పెద్ద గుదిబండ ఒకటి తొలగినట్టే.

లొకేషన్ లెక్క కూడా కలిసి వస్తుంది. ఒక ఇల్లు, ఒక అడవి, నలుగురైదుగురు నటులు, రాత్రి వేళ. వేరే సినిమాలో పేదరికంగా కనిపించేది ఇక్కడ వాతావరణం అవుతుంది. వెలుతురు చాలకపోవడం, కెమెరా వణకడం, ఫ్రేమ్‌లో సగం చీకటే ఉండడం కథకు నప్పుతాయి. 1978 నాటి 'హాలోవీన్'లో హంతకుడి ముసుగు దుకాణంలో రెండు డాలర్ల లోపే దొరికిన మాస్క్. దానికి తెల్ల రంగు వేసి, కళ్ల దగ్గర రంధ్రాలు పెద్దవి చేశారు. దాదాపు 3 లక్షల డాలర్లతో తీసిన ఆ సినిమా అమెరికాలోనే 4.7 కోట్ల డాలర్లు వసూలు చేసింది.

మూడో కారణం భాష. హాస్యం ఒక భాష నుంచి ఇంకో భాషకు వెళ్లేసరికి సగం పస పోతుంది. తలుపు దానంతటదే తెరుచుకుంటే మాత్రం ఏ దేశంలోనైనా ఒకటే ఉలికిపాటు. అందుకే విదేశీ హక్కుల అమ్మకంలో హారర్‌కు మొదటి నుంచీ గిరాకీ ఉంది. ఆస్ట్రేలియా సినిమా 'ది బాబాడూక్' 2014లో సొంత దేశంలో కొద్ది థియేటర్లకే పరిమితమైంది. బ్రిటన్, ఫ్రాన్స్ లాంటి చోట్ల అంతకంటే బాగా ఆడింది.

అయితే ఈ వెసులుబాటు అందరికీ ఉంది కాబట్టే పోటీ విపరీతం. ఇక్కడ ప్రస్తావించే సినిమాలన్నీ గెలిచినవే. వాటి పక్కన ఒక్క థియేటర్ కూడా చూడకుండా హార్డ్ డిస్కుల్లో ఉండిపోయినవి ఎన్నో రెట్లు ఎక్కువ. గెలిచినవాటి అంకెల్ని సగటుగా భావించి అప్పు చేయడం గాలిలో దీపం పెట్టడమే.

పెట్టుబడి దొరికే దారులు

ఎక్కువ సినిమాలు మొదలయ్యేది తెలిసినవాళ్ల డబ్బుతోనే. 1968లో విడుదలైన 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' కోసం పది మంది కలిసి 'ఇమేజ్ టెన్' అనే సంస్థ పెట్టారు. ఆ పేరులోని పది వాళ్లే. తలా 600 డాలర్లు వేసుకుంటే చేతికి వచ్చింది 6 వేలు. దానితో పని మొదలుపెట్టి, తర్వాత మరికొందరిని కలుపుకుని, చివరికి సుమారు లక్షా 14 వేల డాలర్లతో సినిమా పూర్తి చేశారు.

'ది ఈవిల్ డెడ్' దారి ఇంకా వివరంగా చూడదగ్గది. దర్శకుడు శామ్ రైమీ, నటుడు బ్రూస్ క్యాంప్‌బెల్, నిర్మాత రాబర్ట్ టాపర్ట్ అప్పటికి ఇరవై ఏళ్లకు అటూ ఇటూగా ఉన్న కుర్రాళ్లు. స్క్రిప్టు చదివించి డబ్బు అడిగితే ఎవరూ ఇవ్వరని వాళ్లకు తెలుసు. అందుకని 1978లో సుమారు 1,600 డాలర్లతో 'వితిన్ ది వుడ్స్' అనే అరగంట సినిమా ముందుగా తీశారు. ఆ రీలు, ప్రొజెక్టరు పట్టుకుని డెంటిస్టులు, లాయర్లు, చిన్న వ్యాపారుల చుట్టూ తిరిగారు. చూసినవాళ్లకు సినిమా కళ గురించి ఏమీ తెలియకపోయినా, గదిలో పక్కవాడు అదిరిపడడం కళ్లారా కనిపించింది. అలా దాదాపు 90 వేల డాలర్లు పోగయ్యాయి. షూటింగ్ మధ్యలో డబ్బు అయిపోతే మళ్లీ తిరిగారు. మొత్తం ఖర్చు చివరికి మూడున్నర లక్షలు దాటింది. ఈ రోజు దర్శకులు పెట్టుబడిదారులకు చూపించే మూడు నిమిషాల 'ప్రూఫ్ ఆఫ్ కాన్సెప్ట్' వీడియోకు ఇదే మూలం.

కిక్‌స్టార్టర్, ఇండీగోగో లాంటి వెబ్‌సైట్లలో జనం నుంచి చిన్న చిన్న మొత్తాలు సేకరించే క్రౌడ్ ఫండింగ్ వచ్చాక ఆ డెంటిస్టు స్థానంలో వేలమంది అభిమానులు చేరారు. అయితే క్రౌడ్ ఫండింగ్ డబ్బు ఎక్కువ సందర్భాల్లో పెట్టుబడి కాదు. ఇచ్చినవాళ్లు లాభంలో వాటా అడగరు, పోస్టరో డిస్కో తెర మీద పేరో కోరుకుంటారు. నిర్మాతకు ఇంతకంటే చవకైన డబ్బు లేదు. 'ది బాబాడూక్' బృందం కిక్‌స్టార్టర్‌లో 30 వేల డాలర్లు మాత్రమే సేకరించింది, అదీ సెట్ల కోసం. అసలు బడ్జెట్‌లో పెద్ద భాగం ప్రభుత్వ సినిమా సంస్థల నుంచి వచ్చింది. 'టెరిఫయర్ 2' కోసం దర్శకుడు డేమియన్ లియోన్ ఇండీగోగోలో 50 వేల డాలర్లు అడిగితే నాలుగు రెట్లకు పైగా వచ్చాయి. మొదటి భాగం అప్పటికే సంపాదించిన అభిమానులు ఉన్నారు కాబట్టే అది సాధ్యమైంది. పేరూ ఊరూ తెలియని కొత్త బృందానికి క్రౌడ్ ఫండింగ్ తలుపు అంత తేలిగ్గా తెరుచుకోదు.

ప్రభుత్వ రాయితీ మరో దారి. ఆస్ట్రేలియాలో థియేటర్ కోసం తీసే సినిమాకు, నిబంధనలకు లోబడిన స్థానిక ఖర్చులో 40 శాతం తిరిగి వస్తుంది. చాలా దేశాలు ఏదో ఒక రూపంలో ఇలాంటివి ఇస్తున్నాయి. చిక్కేమిటంటే ఆ డబ్బు సినిమా పూర్తయ్యాక, ఆడిట్ జరిగాక వస్తుంది. ఖర్చు మాత్రం ముందే పెట్టాలి. మధ్యలో నడవడానికి రాయితీ కాగితాన్ని హామీగా పెట్టి అప్పు తెస్తారు, దాని మీద వడ్డీ పడుతుంది. 40 శాతం అనుకున్నది చేతికి వచ్చేసరికి అందుకే కొంత కరుగుతుంది.

ఇక మిగిలింది ప్రీ సేల్స్. సినిమా తీయకముందే ఒక్కో దేశం హక్కులు అమ్మి, ఆ ఒప్పందాల మీద బ్యాంకు రుణం తీసుకోవడం. సాధారణంగా దీనికి తెలిసిన నటులుండాలి. హారర్‌కు టైటిల్, పోస్టర్, ఒక్క వాక్యం కథ ఉంటే ఒకప్పుడు సరిపోయేది. 1950లలో అమెరికన్ ఇంటర్నేషనల్ పిక్చర్స్ అయితే ముందు టైటిల్, తర్వాత పోస్టర్, ఆ తర్వాతే స్క్రిప్టు అన్న వరుసలో పని చేసేది. కొనేవాళ్లు ఇప్పుడు ఎక్కువగా పూర్తయిన సినిమా చూశాకే మాట్లాడుతున్నారు.

గ్రాస్ వేరు, షేర్ వేరు

పాఠకులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఊహాజనితమైన ఒక ఉదాహరణ తీసుకుందాం. 2 లక్షల డాలర్లతో తీసిన సినిమా థియేటర్లలో 10 లక్షల డాలర్ల గ్రాస్, అంటే టికెట్ల మొత్తం వసూళ్లు, సాధించింది. పెట్టినదానికి ఐదు రెట్లు! పేపర్లో 'సూపర్ హిట్' అనే వస్తుంది.

ఆ 10 లక్షల్లో దాదాపు సగం థియేటర్లవి. మిగిలిన 5 లక్షలు, అంటే షేర్, డిస్ట్రిబ్యూటర్ దగ్గరికి చేరతాయి. ఆయన కమిషన్ 30 శాతం అనుకుంటే లక్షన్నర పోయి మూడున్నర లక్షలు మిగులుతాయి. పోస్టర్లు, ట్రైలర్లు, ఆన్‌లైన్ ప్రకటనలు, థియేటర్లకు పంపే డిజిటల్ కాపీలు, అన్నీ కలిపి ప్రచారానికి ఆయన 3 లక్షలు ఖర్చు చేశారు. అది కూడా తీసేస్తే 50 వేలు. ఆ డీల్ కుదిర్చిన సేల్స్ ఏజెంట్‌కు 20 శాతం, అంటే 10 వేలు. నిర్మాత ఖాతాకు వచ్చేది 40 వేలు. పెట్టుబడిలో ఇంకా లక్షా 60 వేలు రాలేదు. లాభంలో వాటా అని సంతకాలు చేసిన నటులకు, టెక్నీషియన్లకు అప్పటికి చిల్లిగవ్వ అందదు.

ఇందులో మోసం ఏమీ లేదు. ఒప్పందంలో రాసుకున్న వరుస ప్రకారమే అంతా జరిగింది. ఈ వరుసను వాటర్‌ఫాల్ అంటారు. పై మెట్టు నిండితేనే నీళ్లు కింది మెట్టుకు దిగుతాయి. అందుకే అనుభవమున్న నిర్మాతలు శాతాల కంటే రెండు విషయాల మీద ఎక్కువ పట్టుపడతారు. ఒకటి, ఖర్చులకు గరిష్ఠ పరిమితి. సేల్స్ ఏజెంట్ విదేశీ మార్కెట్లకు వెళ్లిన విమానం టికెట్లు, హోటల్ బిల్లులు కూడా సినిమా ఖాతాలోనే రాస్తారు కాబట్టి పరిమితి లేకపోతే ఆ పద్దుకు అంతు ఉండదు. రెండోది మినిమమ్ గ్యారంటీ, వ్యాపార భాషలో ఎంజీ. సినిమా ఆడినా ఆడకపోయినా ముందే చేతికి వచ్చే మొత్తం అది. పెట్టుబడిలో ఎంత భాగం ఎంజీ రూపంలో ముందే వెనక్కి వస్తే అంత ధైర్యం. ఎంజీ పెట్టుబడిని మించితే విడుదలకు ముందే లాభం, దాన్నే టేబుల్ ప్రాఫిట్ అంటారు.

వసూళ్లు నేరుగా ఎవరి చేతికీ వెళ్లకుండా మూడో సంస్థ నడిపే ప్రత్యేక ఖాతాలో పడి, అక్కడి నుంచి వాటాల ప్రకారం పంపిణీ అయ్యే ఏర్పాటు కూడా ఉంది. దానికీ ఫీజు ఉంటుంది కాబట్టి మరీ చిన్న సినిమాలు వద్దనుకుంటాయి. పదిమంది పెట్టుబడిదారులున్న సినిమాకు ఆ ఫీజు దండగ అనుకోకూడదు.

సినిమా పూర్తయింది, అయినా అమ్మలేరు

ఎడిటింగ్ ముగిసింది, ఫెస్టివల్‌లో మెచ్చుకున్నారు, కొనేవాళ్లూ దొరికారు. అప్పుడు ఒక జాబితా వస్తుంది. కథ హక్కు ఎవరిది, ఆ హక్కు నిర్మాత పేరు మీదికి ఎలా వచ్చిందో చూపే కాగితాలు. ప్రతి నటుడి సంతకం. ప్రతి పాటకూ అనుమతి. పొరపాట్ల మీద కేసులు పడితే కాపాడే బీమా. సబ్‌టైటిళ్లు. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా డబ్బు విడుదల కాదు.

హారర్‌కు ప్రత్యేకంగా ఇబ్బంది పెట్టేది మ్యూజిక్ అండ్ ఎఫెక్ట్స్ ట్రాక్. వేరే భాషలో డబ్బింగ్ చేయాలంటే మాటలు తీసేసి, మిగతా శబ్దాలన్నీ ఉంచిన ట్రాక్ ఇవ్వాలి. మంచం కింద దాక్కున్న అమ్మాయి ఊపిరి, ఆమె గుసగుస ఒకే మైకులో రికార్డయ్యాయనుకోండి. గుసగుస తీసేస్తే ఊపిరి కూడా పోతుంది. నేల మీద అడుగుల చప్పుడు, బట్టల రాపిడి కూడా దానితోనే పోతాయి. అవన్నీ మళ్లీ స్టూడియోలో చేయించాలి. భయం సగం శబ్దంలోనే ఉంటుంది కాబట్టి ఈ పని చవగ్గా తేల్చేస్తే డబ్బింగ్ వెర్షన్ చప్పగా తయారవుతుంది. బడ్జెట్ రాసుకునే రోజునే దీనికి డబ్బు పక్కన పెట్టనివాళ్లు విదేశీ డీల్ వచ్చినప్పుడు అప్పు చేయాల్సి వస్తుంది.

ఇంకొకటి, స్టిల్ ఫోటోగ్రాఫర్. చిన్న సినిమాల్లో మొదట కోత పడేది ఆ ఉద్యోగానికే. సినిమా ఫ్రేమ్ నుంచి తీసిన బొమ్మ మసకగా, చీకటిగా ఉంటుంది, పోస్టర్‌కు పనికిరాదు. ఒక్క మంచి స్టిల్ ఎంత పని చేయగలదో 2022లో తెలిసింది. విన్నీ ది పూ అనే ఎలుగుబంటి పిల్లల కథల తొలి పుస్తకం మీద కాపీరైట్ గడువు ఆ ఏడాది జనవరి 1న అమెరికాలో ముగిసింది. ఆ పాత్రల్ని హంతకులుగా మార్చి ఓ బ్రిటిష్ బృందం లక్ష డాలర్ల లోపు ఖర్చుతో 'బ్లడ్ అండ్ హనీ' తీసింది. విడుదలకు నెలల ముందు బయటికి వచ్చిన కొన్ని స్టిల్స్ ఇంటర్నెట్ అంతా పాకిపోయాయి. పెద్దగా థియేటర్ ఆశ లేని ఆ సినిమా పలు దేశాల్లో థియేటర్లకు వెళ్లింది, 50 లక్షల డాలర్లకు పైగా వసూలు చేసింది. విమర్శకులు దాన్ని చీల్చి చెండాడారు. కానీ ఆ ఫోటోలు చేయాల్సిన పని అప్పటికే చేసేశాయి.

ప్రచారం: చూపించడం కంటే దాచడం

హారర్ ప్రచారంలో ఎక్కువగా వాడే పద్ధతి, సినిమా గురించి చెప్పడం మానేసి ప్రేక్షకుడి గురించి చెప్పడం. 1958లో దర్శకుడు విలియం క్యాసిల్ తన 'మకాబ్రే' కోసం లండన్‌లోని లాయిడ్స్ దగ్గర బీమా తీసుకున్నారు. సినిమా చూస్తూ భయంతో ఎవరైనా చనిపోతే వెయ్యి డాలర్లు! టికెట్ కొన్న ప్రతి ఒక్కరికీ ఆ బీమా వర్తిస్తుందని ప్రకటించారు. సినిమా ఎలా ఉన్నా, బీమా సంగతి ఊరంతా మాట్లాడుకున్నారు. 2009లో 'పారానార్మల్ యాక్టివిటీ' ట్రైలర్ కూడా ఇదే సూత్రం మీద నడిచింది. చీకటి థియేటర్‌లో అదిరిపడుతున్న జనాన్నే నైట్ విజన్ కెమెరాతో తీసి చూపించారు. 2022లో 'టెరిఫయర్ 2' చూస్తూ కొందరు స్పృహ తప్పారన్న వార్తలు చేసిన మేలు ఏ పెయిడ్ ప్రకటనా చేయలేదు.

'ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్' ఈ దారిలో చాలా దూరం వెళ్లింది. ముగ్గురు విద్యార్థులు అడవిలో నిజంగానే తప్పిపోయారన్నట్టు వెబ్‌సైట్ పెట్టారు, 'కనబడుటలేదు' పోస్టర్లు అంటించారు. నటుల అసలు పేర్లనే పాత్రలకు పెట్టారు. 1999 జనవరిలో అమెరికాలోని సన్‌డాన్స్ ఫెస్టివల్‌లో వేశాక ఆర్టిజాన్ సంస్థ 11 లక్షల డాలర్లకు కొంది. జులైలో ముందు 27 థియేటర్లలో వేసి, హౌస్‌ఫుల్ బోర్డుల వార్తలు వ్యాపించాక సంఖ్య పెంచింది. ప్రపంచవ్యాప్తంగా 24 కోట్ల డాలర్లు దాటాయి. అదే ఎత్తు మళ్లీ వేయడం కష్టం. ఇంటర్నెట్ అప్పుడు కొత్త, చూసింది నిజమో కాదో సరిచూసుకునే అలవాటు ఇంకా రాలేదు. ఇప్పుడైతే సాయంత్రానికల్లా నిజం బయటపడుతుంది.

ప్రేక్షకుల చేత అడిగించుకోవడం ఇంకో పద్ధతి. 'పారానార్మల్ యాక్టివిటీ'ని మొదట 13 కాలేజీ పట్టణాల్లో అర్ధరాత్రి ఆటలుగా వేశారు. మా ఊళ్లో కూడా వేయండి అని ఆన్‌లైన్‌లో ఓటు వేసే వీలు కల్పించి, 10 లక్షల ఓట్లు వస్తే దేశమంతటా విడుదల చేస్తామన్నారు. ఓట్లు వచ్చాయి, విడుదలైంది. దీనివల్ల రెండు లాభాలు. ఏ పట్టణంలో గిరాకీ ఉందో డబ్బు పెట్టకముందే తెలిసిపోతుంది. ఓటు వేసినవాడు తనతో మరో నలుగురిని తీసుకొస్తాడు.

2024లో నియాన్ సంస్థ 'లాంగ్‌లెగ్స్' కోసం ఇంకో దారి పట్టింది. అర్థం కాని సంకేతాలతో చిన్న టీజర్లు వదిలింది, హోర్డింగ్ మీద ఒక ఫోన్ నంబర్ పెట్టింది. నికోలస్ కేజ్ లాంటి తెలిసిన నటుడు ఉన్నా ఆయన ముఖాన్ని ప్రచారంలో ఎక్కడా సరిగ్గా చూపించలేదు. కోటి డాలర్ల లోపు బడ్జెట్ సినిమాకు 12 కోట్లకు పైగా వచ్చాయి. దాచడం పనిచేయాలంటే ఒక షరతు ఉంది. దాచిన వస్తువుకు అంత విలువ ఉందని ప్రేక్షకుడు నమ్మాలి, థియేటర్‌లో చూశాక ఆ నమ్మకం నిలబడాలి. హారర్ సినిమాలు మొదటి వారాంతంలో దంచికొట్టి రెండో వారానికి సగానికి పైగా పడిపోవడం మామూలే. మౌత్ టాక్ బాగుంటే మాత్రం దీనికి విరుద్ధంగా జరుగుతుంది. 'టెరిఫయర్ 2'కు రెండో వారాంతం వసూళ్లు మొదటి వారాంతాన్ని మించాయి.

థియేటరా, ఓటీటీనా

ఒకప్పుడు ఫెస్టివల్స్ చుట్టూ ఒకే దారి ఉండేది. స్పెయిన్‌లో సిట్జెస్, మాంట్రియల్‌లో ఫాంటాసియా, కొరియాలో బుచియాన్, లండన్‌లో ఫ్రైట్‌ఫెస్ట్ లాంటి చోట్ల వేసి, పేరు తెచ్చుకుని, ఫ్రాన్స్‌లోని కాన్ ఫెస్టివల్ మార్కెట్‌లోనో అమెరికన్ ఫిల్మ్ మార్కెట్‌లోనో హక్కులు అమ్మడం. 'ది ఈవిల్ డెడ్' ఇలాగే గట్టెక్కింది. సేల్స్ ఏజెంట్ ఇర్విన్ షపీరో 'బుక్ ఆఫ్ ది డెడ్' అన్న పాత టైటిల్ మార్పించారు. టైటిల్‌లో పుస్తకం ఉంటే జనం గంటన్నర చదవాలేమో అనుకుంటారన్నది ఆయన వాదన. 1982లో కాన్‌లో ఆ సినిమా చూసిన హారర్ రచయిత స్టీఫెన్ కింగ్ మెచ్చుకుంటూ రాశారు. ఆ మెప్పే తర్వాత అమ్మకానికి ఆయుధమైంది. బ్రిటన్‌లో 1983లో థియేటర్‌లో, వీడియో క్యాసెట్‌గా దాదాపు ఒకేసారి విడుదల చేశారు. ఇప్పుడు కొత్తగా అనిపించే పద్ధతి నలభై ఏళ్ల కిందే ఉందన్నమాట.

ఓటీటీకి నేరుగా అమ్మితే ఒకేసారి నికరమైన డబ్బు వస్తుంది, ప్రచారం ఖర్చు నెత్తిన పడదు. బదులుగా, సినిమా ఎంత ఆడినా అదనంగా ఏమీ రాదు. ఎంతమంది చూశారన్నది కూడా చాలాసార్లు నిర్మాతకు తెలియదు. షడర్ లాంటి హారర్‌కే పరిమితమైన సంస్థలు ఉండడం ఈ రకం సినిమాలకు కలిసొచ్చిన విషయం. ప్రకటనలతో ఉచితంగా చూపించే వేదికల్లో ప్రకటన ఆదాయంలో వాటా వస్తుంది. మొదట్లో చాలా తక్కువ, కానీ ఏళ్ల తరబడి చిన్న చిన్నగా వస్తూ ఉంటుంది. వీటికి సినిమా చేర్చాలంటే సాధారణంగా అగ్రిగేటర్, అంటే మధ్యవర్తి సంస్థ, కావాలి. అమెరికాలో 2019లో ఒక అగ్రిగేటర్ సంస్థ కుప్పకూలినప్పుడు ఎందరో చిన్న నిర్మాతలకు రావలసిన సొమ్ము ఆగిపోయింది. డబ్బు ఎవరి ఖాతా గుండా వస్తుందన్న ప్రశ్న ఇక్కడా తప్పదు.

థియేటర్‌కు ఉన్న విలువ వసూళ్లతో ఆగదు. థియేటర్‌లో ఆడిన సినిమాకు ఓటీటీ, టీవీ, విదేశీ హక్కుల ధర పెరుగుతుంది. 'ఇట్ ఫాలోస్' 2015లో నాలుగు థియేటర్లలో బాగా ఆడగానే, ఆన్‌లైన్ విడుదలను వాయిదా వేసి వెయ్యికి పైగా థియేటర్లకు తీసుకెళ్లారు. కెనడాలో 15 వేల డాలర్లతో తీసిన 'స్కినమరింక్' ఫెస్టివల్ ఆన్‌లైన్ ప్రదర్శన నుంచి లీకై, టిక్‌టాక్‌లో పాకిపోయింది. 2023 జనవరిలో థియేటర్లకు వచ్చి సుమారు 20 లక్షల డాలర్లు తెచ్చింది. లీక్ మేలు చేసిన అరుదైన సందర్భం ఇది. దీన్ని చూసి లీక్ మంచిదే అనుకోవడం ప్రమాదం.

జపాన్ సినిమా 'వన్ కట్ ఆఫ్ ది డెడ్' నెమ్మదైన విడుదలకు మంచి ఉదాహరణ. నటన నేర్పే సంస్థ వర్క్‌షాప్ నుంచి, సుమారు 30 లక్షల యెన్‌లతో పుట్టిన సినిమా. 2018 జూన్‌లో టోక్యోలో రెండే థియేటర్లు. చూసినవాళ్లు కథ చెప్పకుండా, చూడండి అని మాత్రమే చెప్పుకుంటూ పోయారు. థియేటర్లు వందలకు పెరిగాయి, వసూళ్లు 300 కోట్ల యెన్‌లు దాటాయి. మొదటి రోజే వందల థియేటర్లలో వేసి ఉంటే, ఖాళీ సీట్లు చూసి మూడో రోజుకే తీసేసేవాళ్లు.

సర్టిఫికెట్ ఇంకో మెలిక. అమెరికాలో రేటింగ్ లేకుండా విడుదల చేస్తే ఒకప్పుడు చాలా థియేటర్లు, పత్రికలు తలుపులు మూసేవి. 2024 అక్టోబరులో 'టెరిఫయర్ 3' రేటింగ్ లేకుండానే వచ్చి, అక్కడ ఆ వారాంతపు వసూళ్లలో మొదటి స్థానంలో నిలిచింది. సుమారు 20 లక్షల డాలర్ల సినిమాకు ప్రపంచవ్యాప్తంగా 9 కోట్ల దాకా వచ్చాయి. ఫ్రాన్స్‌లో 18 ఏళ్లు నిండనివారికి దాన్ని నిషేధించారు. కోత పెట్టి ఎక్కువమందికి చూపించాలా, పెట్టకుండా వీరాభిమానుల్ని నమ్ముకోవాలా అన్నది ఇప్పుడు నిజంగానే ఎంచుకోదగ్గ విషయమైంది.

హక్కుల కాగితం

'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' కథ ఇక్కడ మళ్లీ చెప్పుకోవాలి. ఆ సినిమా తొలి టైటిల్ 'నైట్ ఆఫ్ ది ఫ్లెష్ ఈటర్స్'. డిస్ట్రిబ్యూటర్ టైటిల్ మార్చినప్పుడు కొత్త టైటిల్ కార్డు వేశారు. పాత కార్డు మీద ఉన్న కాపీరైట్ ప్రకటన కొత్తదాని మీదికి ఎక్కలేదు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఆ ఒక్క పంక్తి లేకుండా విడుదలైతే హక్కులు పోయినట్టే. సినిమా ప్రజల సొత్తయిపోయింది. తర్వాతి దశాబ్దాల్లో ఎవరు పడితే వాళ్లు టీవీలో వేశారు, క్యాసెట్లు అమ్మారు. ఒక కొత్త తరహా భయాన్నే ప్రపంచానికి ఇచ్చిన దర్శకుడు జార్జి రొమేరో బృందానికి ఆ అమ్మకాల్లో దక్కాల్సింది దక్కలేదు. చట్టం ఆ తర్వాత మారింది, 1989 మార్చి నుంచి ఆ ప్రకటన తప్పనిసరి కాదు. ఆ సినిమాకు మాత్రం ఆలస్యమైపోయింది.

నటుల వైపు నుంచి చూస్తే 'బ్లెయిర్ విచ్' ఉదంతం ఉంది. సొంత పేర్లు, సొంత ముఖాలు ఇచ్చి, చనిపోయారన్న ప్రచారం కోసం మొదట్లో జనానికి కనిపించకుండా ఉండిపోయిన ముగ్గురు నటులు, పాతికేళ్ల తర్వాత 2024లో, తమకు న్యాయమైన వాటా ఇవ్వాలనీ, ఇకపై తీసే సినిమాల విషయంలో తమను సంప్రదించాలనీ ఇప్పటి హక్కుదారు సంస్థను బహిరంగంగా కోరారు. సంతకం చేసిన రోజున ఎవరూ ఊహించని విజయం అది. విజయం వస్తే ఏం చేయాలన్న పంక్తిని ఎవరూ ఊహించని రోజునే రాసుకోవాల్సి ఉంటుంది. సీక్వెల్, రీమేక్, బొమ్మలు, గేమ్‌లు ఎవరివి? డిస్ట్రిబ్యూషన్ ఒప్పందం ఎన్నేళ్లు? ఆ సంస్థ మూతపడితే హక్కులు తిరిగి వస్తాయా? ఐదారు లైన్లలో తేలిపోయే ఈ విషయాల మీద లాయర్ ఫీజుకు వెనకాడిన బృందాలు చాలా ఉన్నాయి.

రాబోయే రోజుల్లో

యూట్యూబ్‌లో ముందే ప్రేక్షకుల్ని సంపాదించుకున్న దర్శకులకు ఇప్పుడు బేరమాడే శక్తి పెరుగుతోంది. ఆస్ట్రేలియా యూట్యూబర్లు ఫిలిపో సోదరులు 45 లక్షల డాలర్లతో తీసిన 'టాక్ టు మీ'ని 2023లో సన్‌డాన్స్‌లో ఏ24 అనే అమెరికా సంస్థ కొంది. 9 కోట్ల డాలర్లకు పైగా వచ్చాయి. 2024లో కరీ బార్కర్ 800 డాలర్లతో తీసిన 'మిల్క్ అండ్ సీరియల్'ను నేరుగా యూట్యూబ్‌లో ఉచితంగా పెట్టి పేరు తెచ్చుకున్నాడు. మొదటి సినిమాతో డబ్బు కోసం ప్రాకులాడకుండా దాన్ని పరిచయ పత్రంగా వాడుకోవడం, 1978లో రైమీ బృందం తీసిన ఆ అరగంట రీలు చేసిన పనే.

ఇంకోవైపు, అక్టోబరు నెల కిక్కిరిసిపోతోంది. హాలోవీన్ పండగ ముందు విడుదల కావాలని అందరూ ఎగబడడంతో చిన్న సినిమాకు థియేటర్ దొరకడం కష్టం. 'స్కినమరింక్' జనవరిని, 'లాంగ్‌లెగ్స్' జులైని ఎంచుకోవడం చూస్తే, పోటీ తక్కువున్న వారం వెతుక్కోవడం ఇంకా పెరుగుతుందనిపిస్తుంది. కొనేవాళ్లు తగ్గి, ఎంజీలు సన్నబడితే, నిర్మాతలే థియేటర్లతో మాట్లాడుకుని సొంతంగా విడుదల చేసుకోవడం కూడా పెరగవచ్చు. అందులో డిస్ట్రిబ్యూటర్ కమిషన్ మిగులుతుంది, ప్రచారం ఖర్చు మాత్రం పూర్తిగా నిర్మాత మీద పడుతుంది. పైన వేసిన 10 లక్షల లెక్కలో ఆ లక్షన్నర కమిషన్ తీసేసి చూస్తే సేల్స్ ఏజెంట్‌కు 20 శాతం పోగా నిర్మాతకు లక్షా 60 వేలు, ఏజెంట్ కూడా లేకపోతే 2 లక్షలు మిగులుతాయి. అంటే పెట్టిన 2 లక్షలు సరిగ్గా వెనక్కి వచ్చినట్టు. ప్రచారానికి కావాల్సిన ఆ 3 లక్షలు విడుదలకు ముందే ఎవరు తెస్తారన్నది మాత్రం ఆ లెక్కలో లేదు.